తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు

రెవిన్యూ శాఖలో కొత్తగా చేరిన యువకులు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఏ పరీక్ష ముందు వ్రాయాలి, ఏ తాలూకాలో పని తేలిక, ఏ సెక్షనులో ఉంటే పై అధికారుల కంట పడవచ్చు అని అడుగుతారు. ఆ ప్రశ్నలకు నా దగ్గర ఉన్న జవాబులు పాతబడిపోయాయి. నేను చెప్పగలిగినది వేరొకటి ఉంది. ఒక మనిషి నోటి మాటను కాగితం మీద పెట్టి, ఆ మనిషిని ఎన్నడూ చూడని వారి చేతికి పంపడం మన పనిలో ఒక భాగం. అది ఎంత ప్రమాదకరమైన పనో ఏ మాన్యువలూ చెప్పదు. నాకు దాన్ని నేర్పినది ఒకే ఒక విచారణ.

మా వంశంలో కళాశాల మెట్లు ఎక్కిన మొదటివాణ్ణి నేను. మా నాయన మెట్ట ప్రాంతంలో సేద్యం చేసేవారు. ఆయనకు తాలూకా ఆఫీసు అంటే చెప్పులు బయట విడిచి, తువ్వాలు చేతిలోకి తీసుకొని నిలబడవలసిన చోటు. అటువంటి ఆఫీసులో నాకు కుర్చీ దొరికింది గనుక ఒక్క అక్షరం తప్పు పోకూడదన్న భయం నన్ను ఎప్పుడూ వదలలేదు. ఆ భయం మంచిదే. అయితే తప్పు లేకుండా వ్రాయడం ఒకటి, సరిగా వ్రాయడం మరొకటి అని తెలియడానికి చాలా కాలం పట్టింది.

ఓడ ఎక్కేవారి సంగతి

మా కోస్తా గ్రామాల నుంచి రంగూనుకు, పినాంగుకు, మలయా రబ్బరు తోటలకు జనం పోవడం మా తాతల కాలం నుంచీ ఉన్నదే. చాప చుట్టుకొని, ఇత్తడి చెంబు పట్టుకొని మద్రాసు పోయి ఓడ ఎక్కేవారు. నీవు ఎవరు, ఎందుకు వస్తున్నావు అని గట్టిగా అడిగినవారు లేరు. నేను ఉద్యోగంలో చేరే నాటికి ఆ దేశాలు ఒక్కొక్కటే స్వతంత్రమయ్యాయి. స్వతంత్రమైన ప్రతి దేశమూ తన గుమ్మం దగ్గర మనిషిని నిలబెట్టి ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. అందులో తప్పు లేదు. మనమూ అదే చేశాము. కాని ఆ ప్రశ్నలు చుట్టూ తిరిగి చివరకు మా తాలూకా ఆఫీసుకే వచ్చేవి. నీటితీరువాలు, పోరంబోకు ఆక్రమణలు చూసుకునే మేము, ఫలానా ఆమె ఫలానా అతని భార్యేనా, ఇప్పటికీ భార్యేనా అని తేల్చి చెప్పవలసి వచ్చేది.

మలయాలో పుట్టి ఆ దేశపు పౌరుడైన మన తెలుగువాడు ఇక్కడికి వచ్చి పెళ్ళి చేసుకుంటే, భార్య అక్కడ కాపురం ఉండడానికి ఆ ప్రభుత్వం అనుమతి ఇవ్వాలి. భర్తకు దూరంగా చాలా ఏళ్ళు ఉండిపోయిన భార్యలను ఇక రానివ్వకూడదని అక్కడ ఒక నిబంధన వచ్చింది. పేరుకు పెళ్ళిళ్ళు చూపించి మనుషులను దింపుతున్నారని వారి అనుమానం. ఇన్నేళ్ళని ఒక గడువు పెట్టారు; ఆ లోపల అయితే కారణం అడుగుతారు, అది దాటితే ఇక తలుపు మూసినట్టే. ఇంత మాత్రం తెలిస్తే ఈ కథకు చాలు.

రాఘవయ్య గారి బడి

నేను రెవిన్యూ ఇన్‌స్పెక్టరుగా ఉన్నప్పుడు మా తహశీల్దారు రాఘవయ్య గారు. అంతకంటె నిజాయితీ గల అధికారిని నేను తరువాత చూడలేదు. రైతు ఇంట మజ్జిగ కూడా పుచ్చుకునేవారు కాదు. చేరిన కొత్తలో నేను ఒక కాలువ గట్టు ఆక్రమణ చూసి వచ్చి, ఆ రైతు బీదవాడు గనుక గత్యంతరం లేక దున్నుకొని ఉండవచ్చునని నివేదికలో వ్రాశాను. ఆయన నన్ను పిలిపించారు.

“ఏమయ్యా బి.ఏ., ‘ఉండవచ్చు’ అంటే ఏంది?”

“అతని పరిస్థితి చూస్తే అలా తోచిందండి.”

“నీకు తోచేదాని కోసం సర్కారు నిన్ను సైకిలెక్కించి పంపలేదు. నేలను కొలవను పోయినావు, దాని మనసు కనుక్కోను కాదు. చూసింది రాయి. విన్నది విన్నట్టు రాయి. ఆపైన కలాన్ని మూసి జేబులో పెట్టుకో.”

ఆఫీసు అంతా నవ్వింది. నాకు సిగ్గు వేసింది గాని, ఆ మాట మనసులో నాటుకుంది. భూమి విషయంలో అంతకు మించిన సూత్రం లేదని ఇప్పటికీ అంటాను. గట్టు గురించి నీవు ఏమి వ్రాసినా గట్టు అక్కడే ఉంటుంది. తరువాత వచ్చినవాడు మళ్ళీ కొలుచుకోవచ్చు. మనుషుల విషయం అట్లా కాదని ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

యాకోబు ఇల్లు

అల్లూరులో బండ్లు చేసే వడ్రంగి యాకోబు. ఆ చుట్టుపక్కల వరి పొలాల్లో తిరిగే బండ్లలో సగం ఆయన చేతి చక్రాలే. మిషను బడిలో చదువుకున్న ఆయన కూతురు కరుణమ్మకు మలయా నుంచి వచ్చిన శాంతరాజుతో అల్లూరు చర్చిలోనే పెళ్ళి జరిగింది. శాంతరాజు తాత అల్లూరు మనిషే. శాంతరాజు మాత్రం మలయాలో పుట్టి పెరిగి, ఒక రబ్బరు తోట ఆసుపత్రిలో కట్లు కట్టే పనిలో ఉన్నాడు. పెళ్ళయిన కొద్ది నెలలకు అతని సెలవు అయిపోయింది. అప్పటికి కరుణమ్మ గర్భిణి. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలన్నారు. అతడు ఒక్కడే ఓడ ఎక్కాడు. ఆడపిల్ల పుట్టింది. పిల్లకు మాటలు వచ్చి, పరుగులు వచ్చినా కరుణమ్మ అల్లూరులోనే ఉంది. భర్త అక్కడ ఆమె అనుమతి కోసం దరఖాస్తు పెట్టగా, ఆమె ఇన్నాళ్ళు ఎందుకు వేరుగా ఉన్నదో తెలుసుకొని పంపమని కలెక్టరు కచేరీ ద్వారా మాకు కాగితం వచ్చింది. గడువు దాటడానికి ఇంకా ఏడాదికి పైగా ఉంది. నేను విచారణకు వెళ్ళాను.

యాకోబు చేతిలోని బాడిశ కింద పెట్టి, కొత్త చక్రం పక్కకు దొర్లించి నాకు బల్ల వేశాడు. ఆయన చెల్లెలు ఎస్తేరమ్మ గుమ్మంలో చేరింది. కరుణమ్మ లోపలి నుంచి వచ్చి గోడకు ఆనుకొని నిలబడింది.

“మీ అమ్మాయిని భర్త దగ్గరికి ఎందుకు పంపలేదు?” అని అడిగాను.

“పిలవను రాకుండా ఎట్ట పంపేదయ్యా? కాన్పయిన పిల్లను అత్తగారోళ్ళు మనిషిని పంపి తోలకపోవాల. మా ఇంట్లో అందరికీ అట్నే జరిగింది. దీనికి మాత్రం ఏం తక్కువని నేను తీసకపోయి వాళ్ళ గుమ్మంలో పడేసి వచ్చేది?”

“వాళ్ళుండేది మలయాలో కదా. మనిషిని ఎలా పంపుతారు?”

“ఓడలు వస్తా పోతా ఉండాయి గదయ్యా. పెళ్ళికి వచ్చినోడు దీనికి రాలేడా?”

ఎస్తేరమ్మ కలగజేసుకుంది. “మా అన్నకు చక్రం వంకర తీసేది తెలుసు గాని మాట వంకర తీసేది తెలవదయ్యా. ఆ అబ్బాయి జాబు రాస్తానే ఉండాడు, రా రా అని. ఈయన చదివి మడిచి పెడతాడు. జాబు వచ్చి తోలకపోతుందా అంటాడు.”

“నువ్వూరుకో ఎస్తేరూ.”

నేను కరుణమ్మను అడిగాను. ఆమె చాలా సేపు ఆలోచించి, కోర్టులో చెప్పినట్టు స్పష్టంగా చెప్పింది.

“నన్ను తీసకపోను ఎవురూ రాలేదు సార్. అందుకని పోలేదు.”

“వస్తే వెళ్తావా?”

“రేపు వస్తే రేపే పోతా.”

ఆమె సంతకం తీసుకున్నాను. ఆ వాఙ్మూలంలో నాకు లోపమేమీ కనిపించలేదు. మా అక్క కూడా తొలి కాన్పు తరువాత అత్తవారి మనిషి కోసం అట్లాగే కూర్చున్నది. ఆ ఒక్క వాక్యంలో కరుణమ్మ తన ఇంటి మర్యాద అంతా చెప్పిందని నాకు అర్థమైంది. నాకే కాదు, మా జిల్లాలో ఎవరికైనా అర్థమవుతుంది.

కొట్టివేసిన పేరా

ఆఫీసుకు తిరిగి వచ్చి ఇంగ్లీషులో శుద్ధప్రతి తయారు చేస్తుండగా నా చేయి ఆగింది. నన్ను తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. ఆ మాటను మలయాలో ఒక అధికారి చదువుతాడు. అతనికి వినిపించేది ఏమిటి? భర్త పట్టించుకోలేదు, వదిలేశాడు, ఆమె తిరిగి వెళ్ళలేదు. ఇంతే. నిజమైన మాటే నిజానికి అడ్డం తిరుగుతున్నది. అందుకని చివర ఒక పేరా చేర్చాను. కాన్పు తరువాత కోడలిని అత్తవారు వచ్చి తీసుకువెళ్ళడం ఈ ప్రాంతపు ఆచారమనీ, అంతవరకు పుట్టింట ఉండడం భార్యాభర్తల విరోధానికి గుర్తు కాదనీ వ్రాశాను.

రాఘవయ్య గారు ఆ పేరా దగ్గర ఆగారు.

“ఇది ఎవరు చెప్పినారు? ఆ అమ్మి చెప్పిందా?”

“లేదండి. నాకు తెలిసి వ్రాశాను.”

“నీకు తెలిసింది నీ దగ్గర పెట్టుకో. నిన్ను సాక్షిగా పిలవలేదే.”

“లేకపోతే అపార్థం చేసుకుంటారేమోనండి.”

“దీంట్లో అపార్థానికేముంది? మా పెద్దమ్మాయి ఆర్నెల్లు కూర్చునింది ఇంట్లో, వాళ్ళు వచ్చిందాకా. పసిపిల్లలకు గూడా తెలుసు.”

“మలయాలో తెలియదు కదండి.”

ఆయన కళ్ళజోడు తీసి నా వైపు చూశారు. నా మాట ఆయనకు చేరిందని ఇప్పటికీ నమ్ముతాను. కాని అన్నేళ్ళ అలవాటు గెలిచింది.

“తెలవకపోతే అడుగుతారు” అని, పేరా మీద గీత గీశారు.

నేను మళ్ళీ అల్లూరు వెళ్ళి కరుణమ్మ నోటనే ఆ నాలుగు మాటలు చెప్పించి తెస్తానన్నాను. ఏటా శిస్తు లెక్కలు తేల్చే జమాబందీ నెత్తి మీద ఉంది. టపా ఆ పూటే పోవాలన్నారు ఆయన. పోయింది.

మలయా వారు ఏమీ అడగలేదు. చాలా నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం కరుణమ్మ, ఎస్తేరమ్మ మా ఆఫీసు వరండాలో నిలబడి ఉన్నారు. భర్తే ఈమెను ఇన్నేళ్ళుగా కోరుకోలేదని విచారణలో తేలినందున అనుమతి ఇవ్వలేమని అక్కడివారు శాంతరాజుకు చెప్పారట. అతడు భార్యకు వ్రాశాడు.

“నేను వదిలేసినానని నువ్వు సర్కారుకు చెప్పినావంట గదా అని రాసినాడు సార్” అన్నది కరుణమ్మ. “నేనెప్పుడన్నా అట్ట చెప్పినానా? మీరే గదా రాసుకున్నది. మీరే చెప్పండి.”

నేను జరిగినది అంతా విడమరిచి చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది. తిట్టలేదు. తిడితే బాగుండునని అప్పుడు అనిపించింది.

“ఇప్పుడేం చేయాల?”

“ఆయన స్వయంగా వచ్చి, నా భార్యను నేను తీసుకువెళ్తాను అని ఇక్కడ వాఙ్మూలం ఇస్తే మళ్ళీ అడగవచ్చు. గడువు దగ్గర పడింది, త్వరగా రావాలి.”

ఆ సాయంత్రం సైకిలు మీద నేనూ అల్లూరు వెళ్ళాను. అది నా విధి కాదు. అల్లుణ్ణి రమ్మని వ్రాయడానికి యాకోబు ఒప్పుకోలేదు. “పిల్లనిచ్చినాను. ఇంక వచ్చి తీసకపో బాబూ అని నేనే అడుక్కోవాల్నా? పెళ్ళాం పిలిస్తే పరిగెత్తుకోని వచ్చినాడని ఆయన్నీ నవ్వుతారు, నన్నూ నవ్వుతారు.”

“నవ్వనీలే అన్నా” అన్నది ఎస్తేరమ్మ. “నవ్వేవోళ్ళు వచ్చి నీ కూతురి కాపురం చేస్తారా?”

కరుణమ్మ తండ్రి ముఖం చూడకుండా లోపలికి వెళ్ళి, తనే జాబు వ్రాసింది.

ఎవరు ఎవరి కోసం ఆగారు

శాంతరాజుకు సెలవు దొరికి, ఓడ దొరికి, మద్రాసు నుంచి రైల్లో బిట్రగుంటకు వచ్చి చేరేసరికి మరికొంత కాలం గడిచిపోయింది. సన్నగా, మర్యాదగా ఉన్నాడు. మాట మాత్రం తాతల నాటి అల్లూరు మాట. అక్కడ మారే అవకాశం లేక అట్లాగే నిలిచిపోయింది. కూతురు అతని దగ్గరికి పోలేదు. యాకోబు వెనక దాక్కొని, “ఈ సార్ ఎప్పుడు పోతాడు తాతా?” అని అడిగింది. అందరూ నవ్వారు. అతడూ నవ్వాడు గాని ముందు నవ్వినవాడు అతడు కాదు.

నేను వాఙ్మూలం వ్రాసుకుంటూ, “మీరు ఇంతకు ముందే ఎందుకు రాలేదు?” అని అడిగాను. ఈసారి జవాబు వెనక ఉన్నదంతా పలికించాలని నిశ్చయించుకొనే వచ్చాను.

“మా అమ్మ వద్దనింది సార్.”

“ఎందుకు?”

“మా అమ్మవాళ్ళు గుంటూరు వైపు నుంచి పోయినోళ్ళు. తొలి బిడ్డను తల్లిగారోళ్ళే తెచ్చి అత్త ఒళ్ళో పెట్టాలంట. మేమే పోయి అడిగితే పిల్లనిచ్చినోళ్ళను చులకన చేసినట్టంట. వాళ్ళు తెస్తారు, తొందరపడి వాళ్ళ పరువు తీయొద్దురా అనింది. నేను రమ్మని రాస్తానే ఉంటి. ఎప్పుడు తెస్తారని మామను ఎట్ట అడిగేది?”

యాకోబు చక్రం పక్కన కూర్చొని ఉన్నాడు. తల ఎత్తి చూశాడు.

“మీరు... మాకోసం కాచుకోని ఉంటిరా?”

“అవును మామా.”

“మేం తెస్తామనా?”

“అవును మామా. మా అమ్మ ఇప్పటికీ అదే అంటాది.”

చివరకు ఎస్తేరమ్మ అన్నది, “వాళ్ళు ఆ గట్టున, మేం ఈ గట్టున. ఒకరి మర్యాద ఒకరు కాపాడతా ఉండిపోతిమి. నడిమిట్లో సముద్రం నవ్వుకోని ఉంటాది.”

నేను అంతా వ్రాశాను. రెండు ఇళ్ళ పద్ధతులూ, ఎవరు ఎవరి కోసం ఆగినదీ, భార్యాభర్తల ఇష్టమూ, ఆ ఇద్దరి నోటనే చెప్పించి వ్రాశాను. కొట్టివేయడానికి వీలు లేకుండా వ్రాశాను. రాఘవయ్య గారికి అప్పటికే బదిలీ అయింది. కొత్త తహశీల్దారు ఒక్క మాట మార్చకుండా పంపారు. నా ఉద్యోగంలో అంత మంచి నివేదిక మళ్ళీ వ్రాయలేదు. శాంతరాజు సెలవు ముగిసి వెళ్ళిపోయిన తరువాత జవాబు వచ్చింది. వేరుగా ఉన్న కాలం గడువు దాటినందున కారణాలను పరిశీలించే అవకాశం లేదు. మొదటి నివేదిక వెళ్ళిననాడు కారణానికి విలువ ఉండేది. ఈ నివేదిక వెళ్ళేనాటికి ఎన్నేళ్ళు అన్నదే మిగిలింది.

చదివేవారికి

కొత్తగా చేరిన మీరు దీని నుంచి, పై అధికారి మాట వినకూడదని నేర్చుకోవద్దు. విన్నది విన్నట్టు వ్రాయాలి. మన తెలివిని ఎదుటివారి నోట్లో పెట్టకూడదు. అందులో రాఘవయ్య గారిది సరైన మాటే. అయితే కలం మూసే ముందు, దీన్ని చదివేవాడు ఎవడు, వాడికి మన ఇళ్ళ సంగతి ఎంత తెలుసు అని ఆలోచించండి. తెలియదనిపిస్తే చెప్పినవారినే మళ్ళీ అడగండి. మనకు బాగా తెలిసిన విషయంలోనే ఈ జాగ్రత్త ఎక్కువ కావాలి. తెలియని విషయమైతే ఎలాగూ అడుగుతాము.

చాలా ఏళ్ళకు, ఇద్దరమూ ఉద్యోగాలు వదిలాక, రాఘవయ్య గారు నెల్లూరులో కనిపించారు. నేను కరుణమ్మ పేరు ఎత్తలేదు. ఆయనే ఎత్తారు. మొత్తం సంగతి ఎవరి ద్వారానో విన్నారట. “అడుగుతారనుకున్నానయ్యా” అన్నారు. ఆయన మీద నాకు ఈనాటికీ గౌరవమే. ఆ గౌరవమూ, ఈ బాధా ఒకదానినొకటి తగ్గించుకోవు.

శాంతరాజు తరువాత రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. ముసలి తల్లిని వదిలి ఇక్కడ స్థిరపడలేకపోయాడు. అతని ఆసుపత్రి పనికి ఇక్కడ గుర్తింపూ లేదు. కరుణమ్మ మలయా చూడలేదు.

ఆ చివరి జవాబు వచ్చిననాడు దాన్ని ఎవరైనా బంట్రోతు చేత పంపవచ్చు. నేనే తీసుకువెళ్ళాను. పైరుగాలి ఎదురుగా కొడుతున్నదని సైకిలు వదిలి బస్సులో వెళ్ళాను. కరుణమ్మ కాగితం తీసుకొని తనే చదువుకున్నది. మిషను బడి ఇంగ్లీషు ఆమెకు సరిపోయింది.

“ఇప్పుడు ఆయన మళ్ళీ వచ్చి తీసకపోతానన్నా కుదరదా సార్?”

“కుదరదమ్మా.”

యాకోబు లేచి నా దగ్గరికి వచ్చాడు. చేతులకు అంటిన రంపపు పొట్టును పంచెకు తుడుచుకున్నాడు.

“పోనీ, నేను తీసకపోతే అయ్యా?”

నాకు వెంటనే అర్థం కాలేదు.

“నేనే తోలుకోని పోతాను. పిల్లనూ, దీన్నీ. వాళ్ళ గుమ్మంలో దింపి వచ్చేస్తా. వాళ్ళ పద్ధతి అదే గదా. నేనేం ఉండను అక్కడ. నీళ్ళు గూడా తాగను. దింపి, తిరుగు ఓడకు వచ్చేస్తానని రాయండయ్యా. అట్ట రాస్తే ఒప్పుకోరా?”

ఆయన నా మోచేయి పట్టుకున్నాడు.

కరుణమ్మ వచ్చి తండ్రి చేతిని మెల్లగా విడిపించింది.

“ఊరుకో నాయనా. సారుకు బస్సు టైమయింది.”

నేను లేచాను. బస్సుకు ఇంకా చాలా సేపు ఉంది.